మరదలి పగడాలు

ఏప్రిల్ 6

మరదలా,

ఇక్కడ నేనూ మా తమ్ముడూ బాగానే ఉన్నాం. బాగాలేనిది నువ్వు పగడాలు పెంచే గాజు ట్యాంకు. అసలు సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను, లేకపోతే అదెక్కడుందా అని వెతుక్కుంటూ మిగతా ఉత్తరం నువ్వు సరిగ్గా చదవవు.

నీ పచ్చ కొమ్మల పగడం పాలిపోయింది. చేపలు బాగున్నాయి, నీళ్లు తేటగా ఉన్నాయి, పంపు గురగురమంటూనే ఉంది. అదొక్కటే జ్వరమొచ్చి లేచిన మనిషిలా ఉంది. నువ్వు గోడకి అంటించి వెళ్లిన కాగితంలో ఎలా ఉందో అలాగే చేస్తున్నాను. పొద్దున షాపుకెళ్లే ముందు పైవాటాలోంచి దిగొచ్చి చిటికెడు మేత వేస్తాను, ఆవిరైన మేరకు నీళ్లు పోస్తాను, సాయంత్రం మళ్లీ ఓసారి చూస్తాను. మా తమ్ముడికి ఏ బిల్డింగులో లిఫ్టు ఎప్పుడు ఆగిపోయి బాగుచెయ్యమని పిలుపొస్తుందో తెలీదు గనక వాడి మీద ఏమీ పెట్టుకోలేదు.

నువ్వేమో సముద్రం నీళ్లలోంచి ఉప్పు తీసేసి తాగేనీళ్లు చేసే ప్లాంటులో ఉద్యోగం వెలగబెడుతున్నావు. ఇక్కడ నేను నీ కోసం తాగేనీళ్లలో ఉప్పు కలుపుతూ కూర్చున్నాను. ఈ ఇంట్లో ఒక్కళ్లకైనా బుద్ధుందా అని బకెట్టు తిప్పినప్పుడల్లా అనుకుంటాను.

ఫోన్లో చెబుదామంటే నీ మాటల్లో ఒకటి వినపడితే మూడు గాలికి పోతున్నాయి. ఆమధ్య తమ్ముడు నీతో మాట్లాడి, ఫోను పెట్టేసి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏమందిరా అంటే "ఏం లేదు, సిగ్నల్ లేదు" అన్నాడు. అందుకే ఉత్తరం రాసి, ఫోటోలు ప్రింటు తీయించి పెట్టాను. చూసి ఏం చెయ్యాలో చెప్పు.

ఉప్పుగాలికి జుట్టు పాడవుతుంది, తలకి గుడ్డ కట్టుకో.

నీ వదిన


ఏప్రిల్ 15

వదినా,

మీ ఉత్తరం నిన్ననే సామాన్ల బోటులో ఈ దీవికి వచ్చింది. చదివి చాలాసేపు తల పట్టుకున్నాను. "పాలిపోయింది" అంటే నేనేం అనుకోవాలి? డాక్టరు దగ్గరికెళ్లి "మావాడికి బాగాలేదు" అని ఊరుకుంటే ఆయన దేనికి మందిస్తాడు?

కొనలు తెల్లబడ్డాయా, అడుగు తెల్లబడిందా? ఒళ్లంతా ఒకేలా వెలిసిందా, మచ్చలు మచ్చలుగానా? తోలు ఊడి ఎముక కనపడుతోందా, లేక తోలు అలాగే ఉండి రంగు మాత్రమే తగ్గిందా? దాని ఒంటినిండా సన్నసన్నని వేళ్లలాంటివి బయటికి చాపుకుని ఉంటాయి, అవి ఉన్నాయా, లోపలికి ముడుచుకుందా? ఒక్కో దానికి ఒక్కో అర్థం వదినా. కొనలు కాలినట్టుంటే నీళ్లలో క్షారగుణం, అదే ఆల్కలినిటీ, ఎగిరిందని. ఒళ్లంతా వెలిస్తే వేడో వెలుగో ఎక్కువైందని. అడుగునుంచి తోలు జారిపోతుంటే ఇక ఆలోచించడానికి టైము లేదని.

మీరు పంపిన ఫోటోల్లో నాకు కనిపించింది ఒట్టి నీలం. ఆ నీలంలో ఒక మూల మీ బొటనవేలు. నీలం లైటు ఆర్పేసి, తెల్ల లైటు వేసి తియ్యండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీరు షాపులో కళ్లద్దాలు తుడిచే స్ప్రే ఉంటుందే, అది అంటిన చేతులు నీళ్లలో పెట్టడం లేదు కదా? క్రీములు కూడా పనికిరావు. ముఖ్యంగా చెప్పండి: నేనొచ్చాక ట్యాంకులోకి కొత్తగా ఏమైనా వెళ్లిందా? పగడం, రాయి, నత్త, ఏదైనా సరే. దీనికి జవాబు తప్పకుండా రాయండి.

ఇక్కడ మేనేజరు రోజూ పొద్దున్నే ల్యాబులోకొచ్చి ఒక గ్లాసు నీళ్లు తాగి, పెదాలు చప్పరించి, "నిన్నటికంటే బాగున్నాయి" అంటాడు. నీళ్లలో ఏ తేడా ఉండదు. ఉండకూడదనే నాకు జీతమిస్తున్నారు.

మీ మరదలు


ఏప్రిల్ 24

మరదలా,

నా చేతుల గురించి రాసిన ముక్క మూడుసార్లు చదివాను. ఇన్నేళ్లుగా ఊళ్లో వాళ్ల కళ్లకి అద్దాలు అరగదీసి ఇస్తున్నదాన్ని, చేతులు కడుక్కోవడం తెలీదా నాకు? మోచేతిదాకా కడుగుతున్నాను. సబ్బు కూడా వాడను, సబ్బు వాసనకి నీ పగడం ముక్కు మూసుకుంటుందేమోనని. ఇక క్రీములా! నా మొహానికి క్రీము రాసుకునే తీరిక ఉంటే ఇంకేం.

సరే, నీ ప్రశ్నలకి జవాబులు. కొనలు బాగున్నాయి. అడుగు బాగుంది. ఒంటి మీద మాత్రం అక్కడక్కడా గుండ్రంగా, ఎవరో వేలితో పిండి అద్దినట్టు, లేతమచ్చలున్నాయి. తోలు ఊడలేదు. వేళ్లన్నీ లోపలికి ముడుచుకుంది, రోజంతా అలిగిన పిల్లలా ఉంటోంది. పక్కన జుట్టు విరబోసుకుని ఊగుతుందే, అది బ్రహ్మాండంగా ఊగుతోంది. పళ్లెంలా పరుచుకున్నది ఇంకా వెడల్పయింది. బొత్తాల్లాంటివి పిల్లల్ని పెట్టాయి.

నీ చుక్కల మందులతో నీళ్లు పరీక్ష చేశాను. అంకెలన్నీ వెనక కాగితం మీద రాశాను. రంగు సరిగ్గా పోల్చుకోగలిగానా అని మాత్రం అడక్కు, రంగులు చూడ్డమే నా బతుకుతెరువు.

కొత్తగా ఏదీ రాలేదు. తమ్ముణ్ణి కూడా అడిగాను. డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు కట్టుకుంటున్నాడు. "ట్యాంకులో కొత్తగా ఏమైనా వేశావురా?" అంటే తల ఎత్తకుండా "నేనెందుకు వేస్తాను?" అన్నాడు.

వాడికీమధ్య అన్నం సహించడం లేదు. నిలదీసి అడిగితే ఒక్క మాట అన్నాడు, నువ్వు ఇంకో ఏడాది అక్కడే ఉంటున్నావని. నిజమేనా? ఆగస్టులో వచ్చేస్తానని కదా వెళ్లావు? నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?

నిన్న ఒక ముసలాయన షాపుకొచ్చి, కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నాక ఇల్లంతా దుమ్ము కనపడుతోందని, అద్దాలు మార్చమని కూర్చున్నాడు. ఇల్లు తుడుచుకోండి అన్నాను. నా మీద ఓనరుకి చెప్పి వెళ్లాడు.

నీ వదిన


మే 4

వదినా,

అంకెలు చూశాను. నేను దగ్గరుండి చూసుకున్నప్పుడు కూడా అంత బాగా లేవు. చేతుల సంగతి వెనక్కి తీసుకుంటున్నాను.

నీళ్లలో తప్పుంటే అన్నిటికీ తగలాలి. మిగతావన్నీ కులాసాగా ఉండి ఒక్క కొమ్మలదే బాధపడుతోందంటే దాన్ని ఏదో కొరుకుతోందన్నమాట. గుండ్రటి మచ్చలు అంటే నాకు మొదట వచ్చిన అనుమానం వేరు. కానీ ఆ జబ్బు నీళ్లలో తనంతట తాను పుట్టదు, కొత్త పగడం వెంట రావాలి. కొత్తదేదీ రాలేదని మీరు అంత గట్టిగా చెబుతున్నారు గనక అది కాదు. కాబట్టి పసుపు చేపే అయ్యుండాలి. చిన్నప్పటినుంచీ దాని చూపు నాకు నచ్చదు. ఒక పూట ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని చూడండి. మూతి పెట్టి కొరుకుతున్నట్టు కనపడితే పట్టుకుని చిల్లుల డబ్బాలో వేసి ట్యాంకులోనే వేలాడదియ్యండి.

లైటు మీటలు మీ తమ్ముడు కదపలేదు కదా? కదిపినా చెప్పడాయన. నిజం చెప్పాలంటే ఆయన్ని ట్యాంకు దగ్గరికే రానివ్వకండి. మనిషి మంచివాడే, చేతులే లిఫ్టుల కోసం పుట్టాయి.

ఏడాది సంగతి ఇప్పుడెందుకు వదినా. ముందు పగడం సంగతి చూడండి.

నా గదిలో ఉండే నర్సు రాత్రంతా గురక పెట్టి, పొద్దున్నే లేచి నేను గురక పెట్టానంటుంది. ఇలాంటివాళ్ల మధ్య ఉన్నాను.

మీ మరదలు


మే 13

మరదలా,

నీ పసుపు చేపని పట్టుకున్నాను. ఇంత చిన్న వాక్యంలో రాశాను గానీ అది ఆదివారం పూటంతా పట్టింది. వల ఇటు పెడితే అటు, అటు పెడితే ఇటు. రాళ్ల వెనక దూరి నాకేసి చూసి నవ్వింది, ఒట్టు. నేలంతా ఉప్పునీళ్లు, నా చీరంతా ఉప్పునీళ్లు. కిందింటావిడ పైకొచ్చి "పైపు పగిలిందాండీ?" అంది. చేప పడుతున్నానంటే నమ్మలేదు.

పట్టి, డబ్బాలో పెట్టి, రెండు రోజులు చూశాను. అది డబ్బాలో ఉండగానే పచ్చదాని మీద మచ్చలు ఇంకా పెరిగాయి. పైగా ఇప్పుడు ఊదాకొమ్మలదానికి కూడా అంటుకుంది. అంటే ఏ పాపం ఎరగని ప్రాణిని జైల్లో పెట్టాం. దాని మొహం చూడలేక నిన్న వదిలేశాను.

తమ్ముణ్ణి రానివ్వొద్దన్నావని వాడికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "సరే" అని, ట్యాంకు ముందు వేసుకునే తన కుర్చీని తీసుకెళ్లి బాల్కనీలో పెట్టుకున్నాడు. వాడు రోజూ డ్యూటీ దిగొచ్చి అక్కడే కూర్చునేవాడని నీకు తెలుసా? నాకు తెలుసు, పైనుంచి దిగినప్పుడల్లా చూశాను. లైటు ముట్టుకోడు, నీళ్లు ముట్టుకోడు, ఊరికే కూర్చుంటాడు.

ఇక ఏడాది సంగతి "ఇప్పుడెందుకు" అన్నావు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడమ్మా? ఉంటున్నావనే అర్థం చేసుకున్నాను. వాడికి అలాగే చెప్పాను. నాకు కోపంగా ఉంది, దాచుకోను. ఉద్యోగం మంచిదే కావచ్చు. కానీ ఇంట్లోవాళ్లకి చెప్పే పద్ధతి ఒకటుంటుంది.

నువ్వడిగినట్టు తెల్ల లైటులో తీసిన ఫోటోలు పెట్టాను. షాపు కెమెరాతో తీశాను, నా బొటనవేలు లేదు. చూసి నీకేమైనా బోధపడితే చెప్పు. మధ్యలో ఉన్న గులాబీ కొమ్మలది ఒక్కటీ నిగనిగలాడుతోంది, నీ మనసుకి కాస్త ఊరటగా ఉంటుందని అది దగ్గరగా తీశాను.

నీ వదిన


మే 22

వదినా,

ఆ గులాబీది నాది కాదు.

నాదానికి ఎడమ కొమ్మ విరిగి మళ్లీ పక్కకి పెరిగింది, చెయ్యెత్తి బస్సు ఆపుతున్నట్టు ఉంటుంది. ఈ ఫోటోలో ఉన్నదానికి కొమ్మలన్నీ నిటారుగా ఉన్నాయి. కొనల దగ్గర నీలం కూడా ఉంది. నాదానికి నీలం లేదు. అదే చోట, అదే రాయి మీద, అదే ఎత్తులో ఎవరో దీన్ని తెచ్చి పెట్టారు. నా ట్యాంకులో నాకు తెలియని పగడం ఉంది, దాన్ని చూసి నేను ఊరట చెందాలా?

మీరే పెట్టి నాకు చెప్పలేదంటే నేను నమ్మను. దొంగతనంగా పగడం పెట్టే మనిషి అంత కష్టపడి దాన్నే దగ్గరగా ఫోటో తీసి పంపదు. కాబట్టి మీ తమ్ముణ్ణే అడగండి.

అడిగే ముందు ఒక పని చెయ్యండి. షాపునుంచి మీ భూతద్దం తెచ్చుకోండి. ఆ గులాబీదాన్ని రాయితో సహా బయటికి తీసి, ట్యాంకు నీళ్లే పోసిన తెల్ల గిన్నెలో పెట్టి, సూదిలేని సిరంజితో కొమ్మల మధ్య నీళ్లు గట్టిగా చిమ్మండి. బియ్యపుగింజంత, పల్చటి, అంచులు కదిలే ముక్కలేమైనా రాలతాయేమో చూడండి. ఒంటి రంగులోనే ఉంటాయి, కదిలితే తప్ప కనపడవు. తర్వాత తిరగేసి అడుగున చూడండి. తేనెరంగులో, గసగసాలంత, గుంపుగా అతుక్కుని ఉంటే అవి గుడ్లు.

అవి కొమ్మల పగడాల్ని మాత్రమే తినే చదును పురుగులు. నా మొదటి అనుమానం అదే. కొత్తది రాలేదని మీ ఇంటివాళ్లు గట్టిగా చెప్పారని దాన్ని పక్కన పెట్టి, పసుపు చేపని జైల్లో వేయించాను. నెలరోజులు పురుగులకి విందు చేశాం.

నాకు ఇంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు.

మరదలు


మే 31

మరదలా,

ఉన్నాయి. మొదటిసారి చిమ్మగానే గిన్నెలో రాలాయి. మొదట తోలు ముక్కలనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే పాకుతున్నాయి. గిన్నె అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కేశాను. తిరగేస్తే అడుగున గుడ్లు, నువ్వు చెప్పిన రంగులోనే. పైకి నిగనిగలాడే ఆ గులాబీది అడుగునంతా కొరికేసి ఉంది. పచ్చదాని మీదా చూశాను, ఊదాదాని మీదా చూశాను. వాటికీ ఉన్నాయి.

ఇక తమ్ముడి సంగతి. ఉన్నదున్నట్టు రాస్తాను, నువ్వూ ఉన్నదున్నట్టు చదువు.

శనివారం మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని ఉంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"గులాబీది ఎక్కడిదిరా?"

"ఏ గులాబీది?"

"నాటకాలొద్దు. నీ పెళ్లాం ఫోటో చూసి పట్టేసింది."

కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత చెప్పాడు. నువ్వు వెళ్లిన కొత్తలో అద్దం లోపల పాకుడు గీకుతుంటే వాడి మోచెయ్యి తగిలి గులాబీది రాళ్ల వెనకకి పడిపోయిందట. ఎక్కడ పడిందో దొరకలేదట. దొరికేసరికి ఎముకలా తెల్లగా ఉందట. ఇలాంటి ట్యాంకే పెట్టుకుని ఇప్పుడు ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర అలాంటిదే కనపడితే తెచ్చి అదే చోట పెట్టాడట.

"పురుగుందేమో చూసుకోకుండానే పెట్టేశావా?"

"చూసుకోవాలని నాకెలా తెలుస్తుంది? అడిగితే ఎందుకడుగుతున్నావంటుంది."

"మరి నేనడిగినప్పుడైనా చెప్పొచ్చు కదరా! నా నోటితో అబద్ధం రాయించావు. నేనా చేప వెనక ఆదివారమంతా పరిగెత్తాను!"

"నేను చూశాను" అన్నాడు. మరదలా, వాణ్ణి తోసెయ్యబోయాను, బాల్కనీ అని ఆగాను.

అప్పుడు వాడు అన్న మాట ఇది. "ఇంకో ఏడాది ఉంటానంది అక్కా. ఏడాది అయ్యాక మళ్లీ ఇంకో ఏడాది అంటుంది. ఆ పగడాలంటే దానికి ప్రాణం. అవి కూడా లేకపోతే ఈ ఇంటికి రావడానికి ఏముంది?"

"నువ్వు లేవురా?" అన్నాను.

"నేనా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను వాణ్ణి వెనకేసుకు రావడం లేదు. వాడు చేసింది తప్పే, వెర్రిపని. కానీ పాలిపోయింది పగడం ఒక్కటే కాదని నాకిప్పుడు తెలుస్తోంది, నీకు కూడా తెలియాలని రాశాను. ఈ పురుగులకి ఏం చెయ్యాలో వెంటనే రాయి.

నీ వదిన


జూన్ 9

వదినా,

ముందు పురుగుల సంగతి, తర్వాత మీ తమ్ముడి సంగతి.

సింకు కింద అరలో గోధుమరంగు మందుసీసా ఉంది. బకెట్టులో ట్యాంకు నీళ్లు తీసుకుని, సీసా మీద రాసినంతే కలపండి, ఒక్క చుక్క కూడా ఎక్కువొద్దు. కొమ్మలవాటిని ఒక్కోదాన్ని ముంచి, సిరంజితో చిమ్ముతూ ఉండండి. పురుగులు రాలతాయి. గుడ్లు చావవు, అదే దీంతో వచ్చిన చిక్కు. అందుకని గుడ్లున్న అడుగుభాగం కత్తెరతో కోసి పారేసి, బాగున్న కొమ్మల్ని కొత్త దిమ్మల మీద జిగురుతో అతికించండి. నేను పదేళ్లుగా పెంచిందే కదా అని చూడకండి, కొయ్యండి. మిగిలిపోయిన గుడ్లు పొదిగి పిల్లలొస్తాయి గనక వారం వారం మళ్లీ ముంచాలి, ఒక్క పురుగు కూడా రాలని రోజు వచ్చేదాకా. చేతికి రబ్బరు తొడుగు వేసుకోండి.

ఇక ఆయన. వదినా, నాకు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలీనంత ఒళ్లు మండుతోంది. ఇక్కడ కిటికీ తీస్తే సముద్రం. తలుపు తీస్తే సముద్రం. రోజంతా ఉప్పునీళ్లే. ఒక గాజుతొట్టెడు ఉప్పునీళ్ల కోసం నేను ఇంటికొస్తానా? ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసింది పగడాల కాపలాకనుకున్నాడా?

నేను ఉంటానని ఎప్పుడూ అనలేదు. ఆరోజు ఫోను కోసం వెనకున్న గుట్ట ఎక్కి, ఆ గాలిలో గొంతు చించుకుని అరిచాను, "ఇంకో ఏడాది ఉండమంటున్నారు, నువ్వేమంటావు?" అని. చాలాసేపటికి అటునుంచి రెండే ముక్కలు వినపడ్డాయి, "నీ ఇష్టం" అని. నా ఇష్టమే అయితే గుట్టెక్కి అడగడమెందుకు? రావద్దనుకుంటున్నాడేమో, లేకపోయినా ఒకటే అనుకుంటున్నాడేమో అని ఆ పూటనుంచీ నేనూ కుతకుతలాడుతూనే ఉన్నాను. ఇప్పుడు మీ ఉత్తరం చూశాక అర్థమైంది, నా మాటలో "ఉండమంటున్నారు" పోయి "ఇంకో ఏడాది" మిగిలిందని. మిగిలితే మాత్రం? వద్దనడానికి నోరు లేదా? పెళ్లాం ఏడాది రానంటే "నీ ఇష్టం" అనే మొగుడు ఉంటాడా ఎక్కడైనా?

నేనింకా ఒప్పుకోలేదు. కాదనలేదు కూడా. మేనేజరు రోజూ నీళ్లు చప్పరించి ఆ మాటే అడుగుతున్నాడు. నాకు తోచినప్పుడు చెబుతాను.

ఇదంతా ఆయనకి చదివి వినిపించండి. వినిపించకపోయినా సరే. మీ ఇష్టం.

మీ మరదలు


జూన్ 25

మరదలా,

వినిపించాను. ఉత్తరం మొదలుపెట్టినప్పుడు నిలబడి ఉన్నాడు, "గుట్టెక్కి" దగ్గరికొచ్చేసరికి కూర్చున్నాడు. మొత్తం విని, కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనే మళ్లీ చదువుకున్నాడు. లేచెళ్లి బకెట్టు తెచ్చాడు.

ఆ పూటంతా ఇద్దరం మందుస్నానాలు చేయించాం. నువ్వు వద్దన్నా వాణ్ణి చెయ్యి పెట్టనిచ్చాను, ఒక్కదాన్ని నావల్ల కాదు. కత్తెర వాడి చేతికే ఇచ్చాను. నీ మాట తప్పని చెప్పను గానీ, వాడి చేతులు అంత మొద్దువేం కాదు. అడుగంతా చూసుకుని, గుడ్లున్న మేరకి ఒక్క దెబ్బకి తెంచాడు. ఒక్కో కొమ్మ తెంచినప్పుడల్లా మాత్రం కళ్లు మూసుకుంటున్నాడు. కళ్లు తెరిచి కొయ్యరా, వేళ్లు పోతాయి అని అరిచాను.

ఫలితం రాస్తున్నాను. ఊదాది దక్కలేదు. తోలంతా చేతికి ఊడొచ్చింది. నాకు తెలీకుండానే ఏడుపొచ్చింది, ఇంట్లో సముద్రం ఎందుకని ఇన్నాళ్లూ నిన్ను ఆడిపోసుకున్నదాన్ని. గులాబీది నాలుగు ముక్కలు మిగిలింది. దాన్ని పారేద్దామంటే తమ్ముడు ఒప్పుకోలేదు, "దాని తప్పేముంది" అన్నాడు. పచ్చది నయం. రెండోసారి ముంచినప్పుడు దాన్నుంచి తక్కువ రాలాయి. ముడుచుకున్న వేళ్లు నిన్న కొంచెం బయటికి చాపింది. భూతద్దం పెట్టి మరీ చూశాను.

ఇప్పుడు నా సంగతి విను. మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు మోసే ఓపిక నాకిక లేదు. నువ్వు "మీ ఇష్టం" అంటావు, వాడు "నీ ఇష్టం" అంటాడు. మీ ఇష్టాల మధ్య నేను వారం వారం పురుగులు ఏరుతున్నాను. ఇకమీదట నీకేం కావాలన్నా వాడికే రాయి. పగడాల గురించి మాత్రమే నాకు రాయి.

వాడికి రాస్తే అందడానికి మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది. మొన్న పొద్దున ఏదో దూరపు ఊళ్లో పెద్ద లిఫ్టు పని పడిందని సంచి సర్దుకుని వెళ్లాడు. ఎన్నాళ్లకి వస్తావురా అంటే "చూడాలి" అన్నాడు. సరిగ్గా ఈ సమయంలోనే పడాలా ఆ లిఫ్టు? మూడో మందుస్నానం నా నెత్తినేసి పోయాడు. ఎంత బాధ్యత లేని మనిషో చూడు. ఇలాంటివాణ్ణి కట్టుకున్నందుకు మొదటిసారి నీ మీద జాలేసింది.

నీ వదిన


జూలై 4

వదినా,

మీ ఉత్తరం, మీ తమ్ముడు ఒకే బోటులో వచ్చారు.

నేను నీళ్ల శాంపిళ్ల కోసం బోట్లు ఆగే జెట్టీ మీదికి వెళ్లాను. ఉల్లిపాయల బస్తాల వెనకనుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. బోటు కుదుపులకి మొహం పచ్చగా ఉంది, షర్టు నిండా ఉల్లిపొట్టు. మీ తమ్ముడు జన్మలో పడవెక్కలేదు కదా. మెట్లు ఎక్కొచ్చి, నా ఎదురుగా నిలబడి, ఇన్ని నెలల తర్వాత మొదటి మాట ఏమన్నాడో తెలుసా?

"పచ్చది బతుకుతుంది."

నాకు నవ్వాలో తన్నాలో తెలీలేదు. "అది చెప్పడానికా ఇంత దూరం వచ్చావు?" అన్నాను.

"కాదు" అన్నాడు. షర్టు మీది ఉల్లిపొట్టు దులుపుకున్నాడు.

క్యాంటీన్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. టీ తాగాడు. రొట్టె తిన్నాడు. మేనేజరొచ్చి పలకరించి, మా నీళ్లు రుచి చూడమని గ్లాసు ఇచ్చాడు. తాగి, బాగున్నాయన్నాడు. అంతా అయింది, ఇంకా ఏం మాట్లాడడు. నా ఓపిక అయిపోయింది. "దేనికొచ్చావో చెబుతావా, లేక తిరుగు బోటెక్కించమంటావా?" అన్నాను. క్యాంటీన్లో అందరూ తలలు తిప్పారు.

"ఇంకో ఏడాది వద్దు" అన్నాడు.

"ఎవరికి వద్దు?"

"నాకు."

"ఆ ముక్క ఫోన్లో చెప్పడానికేం?"

"నువ్వు ఉంటానంటున్నావనుకున్నాను. నీకు ఇక్కడ బాగుందేమో, నేను వద్దంటే ఆగిపోతావేమో అనుకున్నాను. ఆగిపోయి, తర్వాత నాకేసి చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుందేమో అనుకున్నాను."

ఇంత పొడుగు మాట ఆయన నోటివెంట నేనెప్పుడూ వినలేదు. మీరు విన్నారా? నాకు ఈ ఉద్యోగం ఇష్టమే వదినా, ఆ మాట ఆయనకి కూడా చెప్పాను. ఇక్కడ ల్యాబు నా చేతుల మీద నిలబడింది. కానీ ఉండాలని ఉందా అని నన్ను నేనే అడిగి చూసుకుంటే, ఆ గుట్ట మీద "వద్దు" అన్న మాట కోసమే చెవి పెట్టానని నాకు తెలుసు. సాయంత్రం మేనేజరుతో ఆగస్టు చివరికి వెళ్లిపోతానని చెప్పేశాను. ఆయన మొహం అదోలా పెట్టి, గ్లాసులో నీళ్లు ఇవాళ కాస్త చప్పగా ఉన్నాయన్నాడు.

ఊదాదాని గురించి చదివి బాధపడ్డాను. గులాబీ ముక్కల్ని పారెయ్యకండి, ఉండనివ్వండి. మిమ్మల్ని తొందరపడి అన్న మాటలకి నొచ్చుకోకండి. మీరు లేకపోతే ఇప్పటికి ట్యాంకులో రాళ్లు మిగిలేవి.

తిరుగు బోటు వచ్చే వారం గానీ లేదు. అంటే మూడోదే కాదు, నాలుగో మందుస్నానం కూడా మీరొక్కరే చేయించాలి. తిట్టుకోండి. తిట్టుకున్నవన్నీ రాసి దాచండి, ఆయనొచ్చాక చదివి వినిపించండి.

నేను ఈ ఉత్తరం రాస్తుంటే ఆయన పక్క కుర్చీలో కూర్చుని సముద్రం చూస్తున్నాడు. "అక్కకి ఏం రాస్తున్నావు?" అన్నాడు.

"అంతా."

"మెట్ల మీద నేను ఏడ్చింది కూడానా?"

అది మాత్రం రాయడం లేదని చెప్పాను.

మీ మరదలు